అక్కకూ అప్పన్నకూ మాటల్లేవు

ఇల్లు చేరి మూడు రోజులైంది. కుడి అరికాలి బొబ్బ ఇంకా మానలేదు. అది మానేలోపే ఇది రాసేయాలని కూర్చున్నాను. మానిపోతే నేనూ అందరిలాగే 'నడిచినట్టే తెలియలేదు' అని రాసేస్తానేమోనని భయం. తెలిసింది. సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లూ తెలిసింది.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమెకు డెబ్బై, నాకు అరవై ఒకటి. మా నాన్న విశాఖ పోర్టులో గుమాస్తా. మేమిద్దరం వన్‌టౌన్‌లోనే పుట్టి పెరిగాం. పెళ్లి ఆమెను రాజమహేంద్రవరం పంపింది. బ్యాంకు ఉద్యోగం నన్ను ఊరూరా తిప్పి చివరికి విజయవాడలో వదిలేసింది. ఇంటి దేవుడు సింహాద్రి అప్పన్న, అంటే సింహాచలం నరసింహస్వామి. ఉత్తరాంధ్రలో ఏ సంతలోనైనా 'అప్పన్నా' అని కేక వేస్తే పదిమంది తల తిప్పుతారు. అప్పారావు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ, సింహాచలం, సింహాద్రి, అన్నీ ఆయన పేర్లే. అలాంటి ఇంట్లో పుట్టిన మా అక్క, బావ పోయినప్పటినుంచి గుడి మెట్టు ఎక్కలేదు. రెండేళ్లుగా ఇంట్లో దీపం కోడలే పెడుతోంది. ఎవరైనా కదిపితే 'నాకూ ఆయనకూ మాటల్లేవు' అని ఊరుకుంటుంది.

బావకు ఒక మొక్కు ఉండేది. రిటైరయ్యాక, ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ చేస్తానని. ఒక ఏడాది మోకాళ్లు, ఒక ఏడాది మనవరాలి పుట్టుక, ఒక ఏడాది ముసురు అడ్డం వచ్చాయి. ఆ తర్వాత ఆయనే లేకుండా పోయారు. ఆ మొక్కు నేను తీరుద్దామనుకున్నాను. అక్కతో మాత్రం, విశాఖ సీతమ్మధారలో మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, కట్టుకున్న ఇల్లు చూసొద్దాం రమ్మన్నాను. అబద్ధం కాదు, సగం నిజం.

ఆషాఢ శుద్ధ ద్వాదశి, సోమవారం: వన్‌టౌన్

సంచులు దించి కాఫీ తాగగానే అక్క 'మన వీధి చూసొద్దాం' అంది. పాత పోస్టాఫీసు దగ్గర ఆటో దిగాం. నూట యాభై తీసుకున్నాడు. దారి నాకు తెలుసు, కళ్లు మూసుకుని కూడా వెళ్లగలను అని నేను ముందు నడిచాను. కళ్లు తెరుచుకునే వెళ్లాను. మూడో సందు తిరిగేసరికి ఎండుచేపల తట్టల మధ్య తేలాం. నెత్తళ్లు, సావడాలు, రొయ్యపొట్టు. అక్క చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని 'నీ కళ్లు మూసుకునే ఉన్నాయిరా ఇంకా' అంది. బడి సంచితో వెళ్తున్న ఒక పిల్ల మమ్మల్ని చూసి నవ్వి, వెనక్కి రెండు సందులు నడిపించి వదిలింది. పేరు అడిగితే చెప్పలేదు. మీదే ఊరు అని అడిగింది. 'ఈ ఊరే' అంది అక్క. ఆ పిల్ల నమ్మలేదు.

మా ఇల్లున్న చోట మూడంతస్తుల మేడ లేచింది. కింద జిరాక్స్ దుకాణం. అక్క కాసేపు నిలబడి, మిషను వైపు చెయ్యి చూపించి 'సరిగ్గా అక్కడే మన నుయ్యి' అంది. దుకాణం అబ్బాయి కంగారుగా నేల వైపు చూసుకున్నాడు.

వీధి చివరికొస్తే మాత్రం ఏమీ మారలేదు. ఓడరేవు మొగ దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, దాన్ని రాస్ కొండ అంటారు. ఒకదాని మీద దర్గా. ఒకదాని మీద వేంకటేశ్వరుడు. ఆ వేంకటేశ్వరుడి గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే దొర కట్టించాడని చిన్నప్పుడు వినేవాళ్లం. మాకు జ్వరం వస్తే అమ్మ వీధిలోకి వచ్చి మూడు కొండలకూ వరుసగా దణ్ణం పెట్టేది. నాన్న నవ్వేవారు: 'మీ అమ్మకు మూడు చోట్లా ఖాతా ఉంది. ఏది ముందు పలికితే అది.' నేను బ్యాంకులో చేరాక ఆ మాట పదిమందికి చెప్పి నా మాటగానే చలామణీ చేసుకున్నాను. 1933లో జలదుర్గ అనే ఓడ మొట్టమొదట ఈ రేవులోకి వచ్చిన కథ కూడా నాన్నదే. ఆయన అప్పటికి పాలు తాగే పిల్లాడు. అయినా కళ్లతో చూసినట్టే చెప్పేవారు.

సాయంత్రం చేపల రేవు వైపు నడిచాం. వంజరం, చందువా, కానాగంతలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. అరవై ఒక్క రోజులు. అది ముగిసి నెల కూడా కాలేదు. బేరం పొసగకపోయినా చేపలమ్మే ఆమె మాట్లాడటానికి మాత్రం పొసిగింది. ఆ రెండు నెలలూ ఎలా గడుస్తుందమ్మా అని అక్క అడిగితే, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది: 'ఆ రెండు నెలలూ సముద్రానికి పురుడు తల్లీ. పురిటింటికెళ్లి అది పెట్టు ఇది పెట్టు అనకూడదు కదా.'

అక్క ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగుతూ 'పురుడట' అని ఒక్క మాట అంది.

త్రయోదశి, మంగళవారం: కొండమీద

మరదలికి అనాసపళ్లు కావాలి. అనాసపళ్లు కావాలంటే సింహాచలమే. జూలైలో కొండ దిగువన బుట్టలు బుట్టలుగా ఉంటాయి, పనస తొనలూ ఉంటాయి. ఆ వంకతో బయలుదేరాం. అక్క ముందే తేల్చి చెప్పింది: 'మీరు దర్శనానికి వెళ్లండి. నేను బయట కూర్చుంటాను.'

దేవస్థానం బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండ దువ్వెన తిరగేసి దువ్విన తలలా అయిందని తమ్ముడు చెప్పాడు. ఆ ఏడాది వచ్చినవాళ్లు రాళ్లే చూశారట. ఇప్పుడు అటూ ఇటూ పచ్చదనం బస్సు కిటికీలోకి వస్తోంది. పైన దిగగానే సంపెంగలు. ఆకుదొప్పలో ఆరు పూలు, ఇరవై రూపాయలు. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరు కొండకు వెళ్లొచ్చారో అమ్మ జడ చెప్పేసేది.

మర్నాడే ప్రదక్షిణ కాబట్టి ఎక్కడ చూసినా కట్టిన కర్రలూ తాళ్లూ. బయట కూర్చునే చోటు అన్నదే మిగల్చలేదు. అక్క ఒక గట్టు వెతుక్కుంటూ వెళ్లింది, ఆ గట్టు వెనక వరుస మొదలైంది, వరుసలో వెనకాల నుంచి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నలభైమంది ఆడవాళ్లు. ఒకసారి కర్రల మధ్య పడ్డాక వెనక్కి రావడమన్నది లేదు. వంద రూపాయల టిక్కెట్లు పట్టుకుని మేం ఒక వరుసలో, బయట కూర్చుంటానన్న మనిషి ఉచిత దర్శనం వరుసలో. తాళ్ల మీదుగా నన్ను చూసి 'ఇదంతా నీ పనే' అన్నట్టు చూసింది. నిజంగా నాకేమీ తెలియదు.

సింహాచలం తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడి స్వామి వరాహ లక్ష్మీ నరసింహుడు. గుడి పడమటి ముఖం. స్వామి ఏడాది పొడవునా చందనం కిందే ఉంటాడు, చూస్తే లింగాకారంలో ముద్ద. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు ఆ చందనం వొలిచి కొన్ని గంటలపాటు నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రే మళ్లీ పూత మొదలు. పురూరవ చక్రవర్తికి స్వామి పుట్టమన్నులో దొరికాడని, తీసిన మన్నుకు బదులు చందనం పూయమని ఆకాశవాణి చెప్పిందని స్థలపురాణం. 1098 నాటి శాసనం ఉంది, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలిచ్చిన శాసనమూ ఉంది. రాయలు కూడా చందనాన్నే చూసి వెళ్లాడా అన్నది మా బావకు ఎప్పటినుంచో ఉన్న సందేహం. ఎవరిని అడిగినా నవ్వేవారు.

వరుసలో అక్క పక్కన నిలబడ్డ పెద్దావిడ, అక్క అడగకపోయినా, విషయమంతా చెప్పిందట. (తర్వాత అక్క నోటే విన్నాను.) చందనం ఒక్కసారిగా పూయరు. అక్షయ తృతీయ రాత్రి మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. మూడు మణుగులంటే దాదాపు 125 కిలోలు. మొత్తం 500 కిలోల సంగతి. అంతా సానమీద అరగదీసిందే. గురువారం పౌర్ణమి కాబట్టి, నాలుగోది, ఆఖరిది ఆ రోజే.

'ఒకేసారి పూసేయొచ్చుగా, ఎవరు వద్దన్నారు?' అని అక్క అడిగింది.

'ఒకేసారి పూస్తే జారిపోదూ?' అందట ఆవిడ.

నేను గర్భగుడి ముందు నిలబడింది నాలుగు సెకన్లు. తిరిగి చూస్తే అక్క వరుస వస్తోంది. నలభైమంది చేతులూ తలల మీదికి లేచాయి. అక్క చేతులు మాత్రం చేతిసంచి మీదే ఉన్నాయి. కానీ కళ్లు దించలేదు. మొహమాటం లేకుండా, బాకీ ఉన్న బంధువును చూసినట్టు, తిన్నగా చూసింది. పక్కనున్న మనిషి 'దణ్ణం పెట్టుకుని కదలండమ్మా' అన్నాడు. కదిలింది.

కప్పస్తంభం దగ్గర మళ్లీ కలుసుకున్నాం. సంతానం కావాలనుకునేవాళ్లు కావలించుకునే స్తంభం అది. ఒక కొత్త జంట సిగ్గుపడుతూ, పెద్దవాళ్లు తొందరపెడుతూ. పెళ్లైన నాలుగేళ్లకు, 1978లో, అత్తగారు అక్కను ఇక్కడికే తీసుకొచ్చింది. ఆ తర్వాతి ఏడాది మా పెద్ద మేనల్లుడు. వాడి పుట్టు వెంట్రుకలు కూడా ఈ కొండమీదే తీయించారు. వాడికిప్పుడు నెత్తిమీద తీయించడానికేమీ మిగల్లేదు. ఆ జంట తప్పుకున్నాక అక్క స్తంభం దగ్గరకెళ్లి అరచెయ్యి ఆనించి చూసింది.

'అప్పుడు నా చేతులు రెండూ అందాయి. ఇది లావెక్కిందా, నేనా?'

మెట్ల దగ్గర పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. మరదలు స్వామి నిజరూపం ఎంత ఉగ్రమో, అందుకే చందనంతో చల్లబరుస్తారని చెబుతోంది. 'మనిషైతే ఊరుకుంటామా?' అంది అక్క, మిరపకాయ పక్కన పెడుతూ. 'ఏడాదికొక పూట ముఖం చూపించి, మిగతా రోజులంతా ముసుగు పెట్టుకుంటే?' మరదలు చెంపలు వేసుకుంది. అక్క పులిహోర అంతా తినేసింది.

దిగువన అనాసపళ్లు వందకు మూడు. అక్క బేరమాడి నాలుగు చేసింది.

చతుర్దశి, బుధవారం: ముప్పై రెండు కిలోమీటర్లు

దాచడం నా వల్ల కాలేదు. పొద్దున్న కొబ్బరికాయ సంచిలో పెట్టుకుంటుంటే చూసేసింది.

'ఎక్కడికి?'

చెప్పాను. బావ మొక్కు అన్నాను.

'మొక్కు ఆయనది. నీకెవరు రాసిచ్చారు?' అంది. కాసేపాగి, 'అన్నం తిని వెళ్లు. ఖాళీ కడుపుతో నడిస్తే వాయువు పట్టేస్తుంది' అని లోపలికెళ్లిపోయింది.

తొలిపావంచా, అంటే కొండ కింది మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాలి. లక్షలమంది కొట్టే చోట నేల ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేదు. కొబ్బరినీళ్ల బురద, చిప్పల పెంకులు. అక్కడే మొదటి గాటు పడింది, ఇంకా అడుగైనా వేయకముందే. చెప్పుల్లేకుండా నడవడమే ఆచారం. సాక్సులు వేసుకున్నవాళ్లనూ చూశాను, తెలివైనవాళ్లు.

సాయంత్రం నాలుగింటికి కదిలాను. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక. కొండ ఎప్పుడూ ఎడమచేతికో కుడిచేతికో తెలియనంత దగ్గరగా ఉంటుందనుకున్నాను. ప్రదక్షిణ కాబట్టి కుడిచేతికే ఉండాలి, ఉంది కూడా. కానీ సగం దారి ఊరి మేడలు దాన్ని కప్పేస్తాయి. 'కొండ ఎక్కడ?' అని పక్కన నడుస్తున్న ముసలాయనను అడిగితే 'ఉంటుందిలెండి' అన్నాడు. ఆయనా భార్యా ఎచ్చెర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చారు. ఆమె నెత్తిమీద చిన్న మూట, అందులో మర్నాటికి మడత చీర. పందొమ్మిదోసారట. ఒక్కసారి కూడా మానలేదా అంటే, కూతురు పోయిన ఏడు మానేశామని ఆయన చెప్పాడు. ఆమె ఆ మాట విననట్టు ముందుకు నడిచింది.

ఈ ఊరి మర్యాద గురించి చెప్పకపోతే పాపం. దారి పొడవునా ప్రతి కాలనీ, ప్రతి అపార్ట్‌మెంటు, ప్రతి కుర్రాళ్ల సంఘం ఒక బల్ల వేసుకుంది. పులిహోర, రవ్వకేసరి, గుగ్గిళ్లు, పుచ్చకాయ ముక్కలు, టీ. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. 'ఒక్క ముద్ద, బాబాయ్' అని చేతిలో పెడతారు. నొప్పుల మందు పిచికారీ డబ్బాలతో కుర్రాళ్లు నిలబడి, అడగకుండానే పిక్కల మీద కొట్టేస్తున్నారు. మొత్తం రాత్రికి నాకైన ఖర్చు కొబ్బరికాయకు నలభై రూపాయలు. నా బ్యాంకు జీవితంలో ఇంత వింత జమాఖర్చు చూడలేదు. ఒకే ఒక్క ఫిర్యాదు: ప్రతి బల్లకూ ఒక లౌడ్‌స్పీకరు, ప్రతి దానిలోనూ వేరే పాట.

అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం. చీకట్లో అలల తెల్లటి అంచు ఒక్కటే కనిపిస్తుంది. ఒడ్డున దీపాలు, ఈలలు వేస్తున్న పోలీసులు. నేను పాదాలు మాత్రం తడిపాను. ఆ గాటులోకి ఉప్పునీరు వెళ్లినప్పుడు నోట వచ్చిన మాట గోవింద నామం కాదని ఒప్పుకోవాలి.

వెంకోజీపాలెం దాటాక తప్పు దారి పట్టాను. ముందు నడుస్తున్న గుంపు వెనకాలే గుడ్డిగా వెళ్లాను. కిలోమీటరు నడిచాక వాళ్లు ఒక గేటు తీసుకుని లోపలికెళ్లిపోయారు. అది నడక ముగించుకుని ఇంటికి వెళ్తున్న గుంపు. వాచ్‌మన్ నన్ను చూసి జాలిపడి, కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఇసుకతోట వైపు దారి చెప్పాడు.

సీతమ్మధార చేరేసరికి రాత్రి ఒంటిగంట. మా తమ్ముడి వీధి మొగలో కూడా ఒక బల్ల. దీపం వెనకనుంచి పడుతోంది, మనుషుల ముఖాలు తెలియడం లేదు, చేతులే కనిపిస్తున్నాయి. స్టీలు బిందెలో మజ్జిగ. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి, ఇంగువ వాసన. ఒక చెయ్యి గ్లాసు ముంచి నా చేతిలో పెట్టింది.

'తాగు బాబూ. గ్లాసు అదిగో ఆ డబ్బాలో వెయ్యి, రోడ్డు మీద పడెయ్యకు. కదలాలి, వెనక జనం ఉన్నారు.'

'అక్కా' అన్నాను.

ఆమె చెయ్యి అప్పటికే తర్వాతి గ్లాసు ముంచుతోంది. రెండోసారి పిలిస్తే తల ఎత్తింది. 'నువ్వా? ఇప్పుడా రావడం? పదింటికే వస్తావనుకుని చూస్తున్నా.' మోచేతుల దాకా మజ్జిగ. రాత్రి ఏడింటినుంచి నిలబడే ఉందని, కూర్చోమంటే కసురుతోందని మరదలు చెప్పింది. నా వెనకాల వచ్చిన మూట నెత్తిన ఉన్న ఆవిడ, గ్లాసు ఖాళీ చేసి, 'అప్పన్నే ఇచ్చాడు తల్లీ' అని అక్క చెయ్యి కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

అక్క ఆ చెయ్యి వైపు ఒకసారి చూసుకుంది. 'ఇచ్చింది నేను. పేరు ఆయనకు' అంది, బిందె వంచుతూ.

మాధవధార దగ్గర మూడింటికి తుంపర మొదలైంది. లౌడ్‌స్పీకర్లు కప్పేశారు. నామాలు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. తడి తారు మీద వేలకొద్దీ ఉత్త పాదాల చప్పుడు మాత్రమే మిగిలింది. ఆకుల మీద వాన లాంటి చప్పుడు, ఎక్కడ మొదలవుతోందో తెలియదు. నా పాదాల చప్పుడు అందులో వేరుగా వినబడటం మానేసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ కొండకు నేను ఖాళీ చేతులతో ఎప్పుడూ రాలేదని. ఇరవై రెండేళ్లప్పుడు ఉద్యోగం అడిగాను. ముప్పై అయిదులో బదిలీ ఆపమన్నాను. యాభైలో అమ్మాయి పెళ్లి. ప్రతిసారీ దరఖాస్తు. ఆయన నాకు కౌంటరు అవతలి అధికారి. ఈసారి ఎంత వెతుక్కున్నా అడగడానికి ఏమీ దొరకలేదు, మోకాలి నొప్పి తప్ప. అది అడగడానికి సిగ్గేసింది. ఎందుకో అలా ఏమీ అడగకుండా నడుస్తున్నంతసేపూ పక్కన ఎవరో నడుస్తున్నట్టే ఉంది. పక్కన నిజంగానే వేలమంది నడుస్తున్నారు కాబట్టి దీన్ని నేను పెద్దది చేసి చెప్పను.

గోపాలపట్నం దాటి మళ్లీ తొలిపావంచా చేరేసరికి తెల్లారింది.

పౌర్ణమి, గురువారం: బురుజుపేట

మధ్యాహ్నం దాకా శవంలా పడుకున్నాను. లేచేసరికి అక్క నా కాళ్ల దగ్గర కూర్చుని కొబ్బరినూనె రాస్తోంది. ఆ చనువు చూసుకుని నోరు జారాను.

'ఇంకా ఎన్నాళ్లక్కా ఈ కోపం?'

ఆమె రాయడం ఆపలేదు. 'ఆయన కోపం చల్లార్చడానికి ఏటా అయిదు వందల కిలోలు కావాలి. అదైనా నాలుగు విడతలు. ఆఖరిది ఇవాళే అన్నారు కదా? మరి నన్ను మాత్రం రెండేళ్లకే చల్లారిపొమ్మంటారేమిట్రా అందరూ?' అంది. 'రెండో కాలు పెట్టు.'

సాయంత్రం తనే అంది, బురుజుపేట వెళ్దామని. గురువారం, అమ్మవారి వారం. కనకమహాలక్ష్మికి పైకప్పు లేదు, ఎండా వానా ఆమె నెత్తిమీదే. వీధి వెడల్పు కోసం విగ్రహాన్ని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ యథాస్థానంలో పెట్టాకే తగ్గిందని మా అమ్మ చెప్పేది. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఇక్కడ పూజ ఎవరి చేత్తో వాళ్లే చేసుకోవచ్చు. పసుపునీళ్లు మనమే పోయొచ్చు, కుంకుమ మనమే పెట్టొచ్చు. నువ్వెవరు, ఏ గోత్రం, భర్త ఉన్నాడా అని అడిగేవాళ్లు లేరు. అమ్మ ప్రతి గురువారం ఎందుకు ఇక్కడికే వచ్చేదో నాకు అరవై ఒకటో ఏట అర్థమైంది.

అక్క చెంబుతో పసుపునీళ్లు పోసింది. పక్కన ఒక కొత్త పెళ్లికూతురు. ఆషాఢానికి పుట్టింటికి వచ్చినట్టుంది, గోరింటాకు చేతులు ఎర్రగా పండాయి. ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో పూలు, కుంకుమ భరిణె జారిపోతోంది. 'కాస్త పట్టుకోండి పిన్నిగారూ' అని అక్క చేతిలో పెట్టింది. అక్క పట్టుకుంది. ఆ పిల్ల అమ్మవారికి బొట్టు పెట్టి, మెడలో మంగళసూత్రానికి అద్దుకుని, ఇంటికొచ్చిన ఎవరికైనా పెట్టినంత అలవాటుగా, అక్క నుదుటి మీద కూడా ఇంత పెట్టేసింది. భరిణె తీసుకుని 'వస్తానండి' అని వెళ్లిపోయింది.

నేను ఆ తోపులాటలో వేరే వైపు చూస్తున్నట్టు నటించాను.

బయటికొచ్చి మురీ మిక్చరు తిన్నాం. రెండు పొట్లాలు ఎనభై. నిమ్మకాయ ఎక్కువ పిండించుకుంది. రాత్రి ఇంట్లో దీపాల కింద చూస్తే ఆ కుంకుమ ఇంకా అలాగే ఉంది, చెమటకు కాస్త కిందికి జారి. మరదలు చూసింది, నేను చూశాను, తమ్ముడు చూశాడు. చారు బాగుందని ముగ్గురం ఒకేసారి అన్నాం.

బహుళ పాడ్యమి, శుక్రవారం: తొట్లకొండ

రాత్రికి బండి. పగలంతా ఖాళీ. భీమిలి రోడ్డు మీద ఆటో మాట్లాడుకున్నాం, వెయ్యి అడిగి ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. దారిలో ఒక పాక హోటల్లో కానాగంతల పులుసు, వేడన్నం, మనిషికి నూట ఎనభై. పురుడు తీరిన సముద్రం చేపలు, అంది అక్క.

తొట్లకొండ మీద ఇప్పుడున్నవి పునాదులే. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం, సముద్రానికి ఎదురుగా. నౌకాదళం కోసం విమానం మీద నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది, తర్వాత 1988 నుంచి 1993 దాకా తవ్వారు. వాననీళ్లు పట్టడానికి బండలో తొలిచిన తొట్లే కొండకు పేరిచ్చాయి. భిక్షువుల గదులు వరుసగా ఉన్నాయి, ఒక్కొక్కటి మనిషి పడుకుంటే తలా కాళ్లూ గోడకు ఆనేంత. మిగతా కాలమంతా ఊరూరా తిరిగే భిక్షువులు ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచి మూడు నెలలు కదలకుండా ఒకచోట ఉంటారు. దాన్నే వర్షావాసం అంటారు. లెక్క చూస్తే అది సరిగ్గా ఆ రోజే. ఈ సంగతి నేను ఉత్సాహంగా చెబుతుంటే అక్క ఒక గది గడపరాయి మీద కూర్చుంది.

'మూడు నెలలు ఎక్కడికీ రమ్మని ఎవరూ అడగరన్నమాట' అంది.

అంతలో వాన సముద్రం మీద నుంచి గోడలా నడిచి వచ్చింది. కింద నీలం రంగు బూడిదరంగైంది, తర్వాత అసలు కనిపించలేదు. కాపలాదారు రేకుల పంచలోకి పరుగెత్తాం. అంటే ఆమె పరుగెత్తింది, నేను కుంటాను. ఆటో అబ్బాయి ఫోన్ చేసి, ఘాటులో నీళ్లు పారుతున్నాయి, గంట ఆగమన్నాడు. సంచిలో ఒక అనాసపండు ఉంది. కాపలాదారు తన కత్తి ఇచ్చాడు, ఉప్పూ కారమూ కూడా ఆయన దగ్గరే దొరికాయి. ముగ్గురం నిలబడి తింటున్నాం. కొండ మీద ఉన్న ప్రతి తొట్టీ చుక్కచుక్కగా నిండుతోంది.

అక్క చేతులు వానలో కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

'నీ ఫోనులో పంచాంగం ఉందా?'

'ఉంది.'

'వచ్చే ఏడు అక్షయ తృతీయ ఎప్పుడో చూడు.'

నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. తడి వేళ్లతో ఫోన్ తీశాను. 'టిక్కెట్లు ఇప్పుడే చేయించమంటావా?' అన్నాను.

'చూడమన్నాను' అంది అక్క, అనాస చెక్కులు ఏరి సంచిలో వేసుకుంటూ. 'వెళ్దామన్నానా?'